మడిచి కుట్టిన కోటు చెయ్యి

ఆమెను ఆ వీధిలో అందరూ కత్తెరక్క అంటారు. మెడలో నాడాకి కత్తెర వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆమె అంటుంది. నోటిని బట్టి వచ్చిందని వీధి అంటుంది.

ఆమె కొత్త బట్టలు కుట్టదు. ఎవరో కుట్టినవాటిని సరిచేస్తుంది. లావైనవాళ్ళకి నడుము వదులు చేస్తుంది, చిక్కినవాళ్ళకి బిగిస్తుంది, పోయినవాళ్ళ కోట్లు ఉన్నవాళ్ళకి పట్టేలా చేస్తుంది. రెండు మేడల మధ్య మిగిలిపోయిన సందుకి ఎవరో తలుపు పెట్టారు; అదే దుకాణం. ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, ఒక నిలువుటద్దం. ఆ అద్దం ముందు నిలబడ్డవాడు ఒక మాట పడకుండా బయటికి వెళ్ళడు.

"బట్ట కుదించుకుపోయిందక్కా."

"దాన్నెందుకంటావు. అది తిన్లేదు కదా."

తండ్రి ముఖం ఆమెకి తెలియదు. తల్లి పోయేనాటికి ఆమెకి పన్నెండు దాటింది, తమ్ముడికి ఇంకా ఆరు నిండలేదు. పిన్ని ఇంట్లో పెరిగారు. పిన్ని నీడ ఇచ్చింది, మిగతాదంతా అక్క చూసుకుంది. తమ్ముణ్ణి నేను పెంచానని మాత్రం ఆమె ఎక్కడా అనదు. పెంచానంటే ఎలా పెంచావని అడుగుతారు.

తమ్ముడు లిఫ్టు మెకానిక్. నెమ్మదైన మనిషి. "పొద్దస్తమానం పైకీ కిందికీ తిరుగుతాడు, ఎక్కడికీ పోడు" అని అక్క వాడి ముందే అంటుంది. వాడు నవ్వుతాడు. భార్య, స్కూలుకి వెళ్ళే కూతురు ఉన్నారు. తల్లి ఫొటో ఒక్కటీ లేదు. తల్లి అంటే వాడికి తలలో ఉన్నదే.

ఆ తల మీదికి ప్రొఫెసరు వచ్చాడు.

విశ్వవిద్యాలయంలో ఒక భవనం లిఫ్టు, అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఆగిపోవడం అలవాటు చేసుకుంది. ఒక రోజు తమ్ముడు వెళ్ళేసరికి లోపల ప్రొఫెసరు ఇరుక్కుని ఉన్నాడు. తలుపు సందులోంచి చూసి, "కంగారు పడకండి" అని బయటున్న మెకానిక్కుకి ధైర్యం చెప్పాడు. బయటికి తీశాక తన గదికి తీసుకెళ్ళాడు. గది తలుపు మీద సంజ్ఞానాత్మక మనోవిజ్ఞాన ఉన్నత పరిశోధనా కేంద్రం అని బోర్డు. పేరు తలుపు కంటే వెడల్పు. రెండు పక్కలా గోడ మీదికి పాకింది.

"మీ చిన్ననాటి జ్ఞాపకాల మీద చిన్న పరిశోధన. సాయం చేస్తారా? ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళతో కూడా మాట్లాడాలి" అన్నాడు ప్రొఫెసరు.

"మా అక్క ఉంది సార్" అన్నాడు తమ్ముడు.

ప్రొఫెసరు రికార్డరు పట్టుకుని దుకాణానికి వచ్చాడు. కూర్చోడానికి స్టూలు ఇస్తే, దాని మీదున్న దారపు ముక్కలు రుమాలుతో దులిపి కూర్చున్నాడు. ఆమె అది చూసింది.

తమ్ముడి చిన్నతనంలో నిజంగా జరిగినవి కొన్ని చెప్పమన్నాడు. కుక్కకి భయపడి ఖాళీ డ్రమ్ములో దాక్కున్న సంగతి చెప్పింది. బళ్ళో మొదటి రోజు టీచర్ని అమ్మా అని పిలిచి ఏడ్చిన సంగతి చెప్పింది. ప్రొఫెసరు తల ఊపాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఎప్పుడైనా తప్పిపోయాడా? పెద్ద బజార్లో, జనంలో? ఎవరో పెద్దాయన తీసుకొచ్చి అప్పజెప్పడం లాంటిది?"

కత్తెర ఆగింది.

"లేదు."

"బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండమ్మా."

"వాడు నా చెయ్యి ఎప్పుడూ వదల్లేదు."

ప్రొఫెసరు ముఖం వెలిగింది. ఆయనకి కావలసింది అదే. ఎన్నడూ జరగని సంగతి ఒకటి కావాలి. దాన్ని జరిగిందని, మీ అక్కే చెప్పిందని తమ్ముడికి చెబుతారు. కొన్నాళ్ళు గుర్తు చేసుకోమంటారు. మెదడు లేనిదాన్ని ఎలా తయారు చేసుకుంటుందో చూస్తారు. చివర్లో అసలు సంగతి చెప్పేస్తారు. బజార్లో తప్పిపోవడమనే కథ అందరికీ ఒకటే. వచ్చినవాళ్ళందరికీ అదే చొక్కా తొడుగుతారు. ఇదంతా ఆయన ఆమెకి వివరించాడు. ఈ రంగంలో ఇది పెద్ద ముందడుగు అన్నాడు. ఎటు వైపుకో చెప్పలేదు.

వాడు తప్పిపోయాడు. పెద్ద బజార్లోనే.

అప్పుడు ఆమెకి పన్నెండు, వాడికి ఐదు. రోజంతా చంకలో వాడే, చేతికి వాడే. తల్లి దారపు ఉండలు తెమ్మని పంపింది. గాజుల దుకాణాల దగ్గర జనం ఒత్తిడిగా ఉన్నప్పుడు ఆమె వాడి చెయ్యి వదిలేసింది. జారిపోలేదు. వదిలేసింది. ఖాళీ చేతులతో నడిస్తే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. బాగుంది. రిబ్బన్లు చూసింది, రంగుల గొడుగులు చూసింది. తిరిగి వచ్చేసరికి వాడు లేడు. ఎంతసేపు వెతికిందో తెలియదు. ఆఖరికి కోటు వేసుకున్న ఒంటిచేతి మనిషి వాడి మణికట్టు పట్టుకుని తీసుకొచ్చాడు. వాడి కాలికి ఒక చెప్పు లేదు. ఇంటికి వెళ్ళే దారిలో ఆమె వాడికి ఒకే మాట చెప్పింది: అమ్మకి చెప్పావంటే ఈసారి నిజంగా వదిలేస్తాను. వాడు చెప్పలేదు. కొన్నాళ్ళకి వాడికే గుర్తు లేకుండా పోయింది. చెప్పు గొయ్యిలో పడిపోయిందని తల్లికి ఆమే చెప్పింది. ఆ ఏడే తల్లి పోయింది.

లోకంలో ఇంతమంది మనుషులుండగా, ఈ సంగతి అడగకూడని ఒకే ఒక్క మనిషిని ప్రొఫెసరు వెతికి మరీ అడిగాడు. ఆమె లేదంది. ఆయన లేదని రాసుకున్నాడు. శాస్త్రానికి పునాది పడింది.

తమ్ముడు విశ్వవిద్యాలయానికి వెళ్ళడం మొదలుపెట్టాడు. మొదటిసారి నాకేం గుర్తు లేదు సార్ అన్నాడు. పర్వాలేదు, ప్రయత్నించండి అన్నారు. రెండోసారి గాజుల చప్పుడు గుర్తొచ్చింది. మూడోసారి అంతా వచ్చేసింది. ఒంటిచేతి మనిషి, కోటు, మణికట్టు మీద ఆయన పట్టు. ఖాళీగా ఉన్న కోటు చెయ్యి పైకి మడిచి కుట్టి ఉంది, కోటు ఒక రంగు, దారం ఒక రంగు. ఇన్ని వివరాలు చెప్పినవాడు అంతకు ముందు ఒక్కడూ లేడు. ప్రొఫెసరు లేచి నిలబడ్డాడట. అప్పుడే వాడికి నిజం చెప్పారు: ఇదేదీ జరగలేదు, మీ అక్కని అడిగి మరీ నిర్ధారించుకున్నాం, ఇదంతా మీ మెదడు అల్లింది.

తమ్ముడు నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. టీ ఇచ్చారు.

ఆ వారంలో వాడు దుకాణానికి వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు.

"అక్కా, నేను డ్రమ్ములో దాక్కున్నది నిజమేనా?"

"నిజమే. కంపు కొట్టావు కూడా."

"టీచర్ని అమ్మా అన్నది?"

"అన్నావు. ఆవిడకింకా పెళ్ళి కాలేదు, పాపం."

"ఇంకొకటుంది. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని నా కాలు ఒళ్ళో పెట్టుకుంది. చేతిలో సూది. అరికాల్లోంచి ఏదో తీస్తోంది. దారం పళ్ళ మధ్య పెట్టుకుంది. మిగతావాటిల్లో అమ్మ గొంతే, వెనకనుంచి. దీంట్లో ముఖం ఉంది. ఇది నిజమేనా?"

ఆ సూది తీసింది గాజుపెంకు. బజార్లో చెప్పు పోయిన కాలిలో దిగిన పెంకు. ఒకటి ఒప్పుకుంటే రెండోది దాని వెంటే వస్తుంది. దారం ఒక కొస లాగితే ఏమవుతుందో ఆమెకి చెప్పాలా.

"లేదురా. అలాంటిదేం లేదు."

"ముల్లు కూడా గుచ్చుకోలేదా?"

"గుర్తుంటే చెప్పనా?"

వాడు తల ఊపాడు. "అయితే అదీ నేను అల్లిందేనన్నమాట" అన్నాడు. గొంతులో బాధ లేదు. పని చెయ్యని బల్బు తీసి పక్కన పెట్టినట్టు అన్నాడు. ఆమె మిషను తొక్కింది. సూది కింద బట్ట లేదు.

కొన్నాళ్ళకి మరదలు వచ్చింది, కూతురి స్కూలు గౌను పొడవు పెంచమని. గౌను బల్ల మీద పెట్టి నిలబడిపోయింది.

"ఏంటే, చెప్పు. నిలబడితే పొడవు పెరగదు."

"మీ తమ్ముడి సంగతి వదినా. తాళం వేసి మళ్ళీ వెనక్కొస్తాడు. బోల్టు బిగించి, బిగించానా అని పక్కవాణ్ణి అడుగుతాడట. అది సరే అనుకోండి. మొన్న పిల్ల, నానమ్మ ఎలా ఉండేది అని అడిగింది. ముందైతే ఆ సూది కథ చెప్పేవాడు. దానికి అదంటే ఇష్టం. మొన్న తెలీదన్నాడు. నాకు తెలీదమ్మా, నాకేం గుర్తులేదు అన్నాడు."

"ప్రొఫెసరు ఇచ్చిన చదువు" అంది కత్తెరక్క.

"మీరు చెబితే వింటాడు వదినా. అత్తగారు ఎలా ఉండేవారో ఒకటి రెండు చెప్పండి తనకి."

"గౌను ఎల్లుండి తీసుకో."

ఇంతలో తమ్ముడు గొప్పవాడైపోయాడు. ప్రొఫెసరు ఎక్కడ ఉపన్యాసమిచ్చినా వాణ్ణి వెంట తీసుకెళ్ళేవాడు. ఇస్త్రీ చొక్కా, బిగించిన బొత్తాలు, వేదిక మీద కుర్చీ. లేనిదాన్ని ఇంత చక్కగా గుర్తు పెట్టుకున్న మనిషి ఈ దేశంలో మరొకడు లేడని పరిచయం చేసేవారు. ఒకసారి అక్కనీ పిలిచారు, ముందు వరసలో కూర్చోబెట్టారు. పక్కనున్నావిడ కోటు భుజం దగ్గర పీక్కుపోయి ఉంది. అదొక్కటే ఆ హాల్లో కత్తెరక్కకి అర్థమైన విషయం, కొంతసేపటి వరకు.

ప్రొఫెసరు తెర మీద మెదడు బొమ్మ చూపించాడు. నీలం, ఎరుపు. ఇక్కడ వెలిగింది, అక్కడ ఆరింది అన్నాడు. జనం వెలిగినచోట తల ఊపారు, ఆరినచోటా ఊపారు. తర్వాత తమ్ముణ్ణి చెప్పమన్నారు. వాడు బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. కోటు చెయ్యి దగ్గరికి వచ్చేసరికి ప్రొఫెసరు ఆపాడు.

"దారం రంగేమిటి?"

"ఎర్ర దారం సార్. కోటు బూడిదరంగు."

"చూశారా" అన్నాడు ప్రొఫెసరు జనంతో. "మనిషిని పుట్టించి ఊరుకోలేదు మెదడు. చెయ్యి తీసేసింది. కోటు తొడిగింది. ఆ కోటుకి కుట్టు కూడా తనే వేసింది. అదీ నాసిరకం దారంతో."

హాలంతా నవ్వింది. తమ్ముడు కూడా నవ్వాడు, అందరూ నవ్వడం పూర్తయ్యేదాకా ఆగకుండా.

కత్తెరక్క నవ్వలేదు. ఆ కుట్టు ఆమెకి తెలుసు. ఆ ఎర్ర దారాన్ని చూస్తూ నిలబడింది ఆ రోజు, ఆ మనిషి ముఖం చూడలేక. అడ్డదిడ్డమైన కుట్టు. ఒక చేత్తో తనే వేసుకుని ఉంటాడు. ఆ మనిషి చేతిపని చూసి ఇంతమంది చదువుకున్నవాళ్ళు నవ్వుతున్నారు.

తమ్ముడికి నేరుగా చెప్పడానికి ఆమెకి ధైర్యం లేకపోయింది. ప్రొఫెసరుకి చెబితే ఆయనే వాడికి చెప్పుకుంటాడని లెక్క వేసింది. గట్టి నోరున్నవాళ్ళ పిరికితనం ఇలాగే ఉంటుంది, అవతలివాళ్ళ చేత పని చేయిస్తుంది. బోర్డు పట్టని తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"సారూ, అది జరిగింది. వాణ్ణి నేనే బజార్లో వదిలేశాను. మీకు అబద్ధం చెప్పాను."

ప్రొఫెసరు పెన్ను కింద పెట్టాడు. కోపం రాలేదు. సంతోషం వచ్చింది.

"కూర్చోండమ్మా. ఎప్పటినుంచి మీకిలా అనిపిస్తోంది?"

"అనిపించడమేంటి? జరిగింది."

"మీ తమ్ముడి కథ ఎన్నిసార్లు విని ఉంటారు? వినగా వినగా మీ మెదడు కూడా దాన్ని తనదిగా చేసుకుంది. అందులో మీకో పాత్ర ఇచ్చింది. తప్పు చేశానన్న భావం కూడా ఇచ్చింది. చాలా సహజం."

"ఆ కోటు నేను చూశాను."

"చూసే ఉంటారు. ఉపన్యాసానికి వచ్చారు కదా."

ఆమె కాసేపు ఆయన్ని చూసింది, అద్దం ముందు పొట్ట పీల్చి నిలబడ్డవాణ్ణి చూసినట్టు.

"మరి ఆ రోజు లేదంటే ఎందుకు నమ్మారు?"

"అప్పటికి మీ జ్ఞాపకం కలుషితం కాలేదు."

"అంటే, నేను అబద్ధం చెప్పినప్పుడు శుభ్రంగా ఉన్నాను. నిజం చెబితే మురికైపోయాను."

"చాలా చక్కగా చెప్పారు" అని ఆయన రాసుకున్నాడు. జ్ఞాపకం ఒకరినుంచి ఒకరికి అంటుకుంటుందని తనకి ముందునుంచీ అనుమానం ఉందన్నాడు. ఒకే కుటుంబంలో ఇద్దరు దొరకడం అదృష్టమన్నాడు. మూడు సార్లు వచ్చి కూర్చుంటే చాలన్నాడు. ఆమె లేచింది. తలుపు దగ్గర ఆగి, "మీ ప్యాంటు వెనక కుట్టు విడింది. అదీ నాకు అనిపిస్తున్నదేనేమో, చూసుకోండి" అని వెళ్ళిపోయింది. ఆయన చూసుకున్నాడు. విడింది.

ఆ రోజు తమ్ముడు బ్యాంకు భవనంలో పనిలో ఉన్నాడు. లిఫ్టు ఆపి ఉంది. ఆమె మెట్లన్నీ ఎక్కింది. డాబా మీద, లిఫ్టు మోటారు ఉండే చిన్న గదిలో వాడు గ్రీజు చేతులతో కూర్చుని ఉన్నాడు. తీగతాడు చుట్టుకున్న పెద్ద చక్రం, నూనె వాసన.

"లిఫ్టు బాగుచేసేవాణ్ణి చూడాలంటే మెట్లెక్కి చావాలి" అంది, ఊపిరి అందాక.

"సారు ఫోన్ చేశారక్కా. నువ్వొస్తావన్నారు. జాగ్రత్తగా మాట్లాడమన్నారు."

"నన్నా, నిన్నా?"

"నన్నే. నీతో."

"నాకేమైందట?"

"నీకూ అంటుకుందట."

"జలుబా అంటుకోడానికి" అంది. తలకిందులుగా పెట్టిన డబ్బా మీద కూర్చుంది. "వినరా. అడ్డం రాకు. నీ చెప్పు ఒకటి పోయింది ఆ రోజు. గాజుల కొట్ల దగ్గర నేల నిండా పెంకులే. ఇంటికొచ్చాక కుంటుతుంటే అమ్మ చూసింది. కిటికీ దగ్గర కూర్చుంది. నువ్వు చెప్పావే, సూది, పళ్ళ మధ్య దారం. అది జరిగింది."

"అలాంటిదేం లేదన్నావు."

"అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"అదీ ఇదీ ఒకే రోజు. దాన్ని ఒప్పుకుంటే దీన్ని ఒప్పుకోవాలి. ఏం చేస్తావు, మీ అక్క అలాంటిది."

వాడు పాత గుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడిచిన వేలే మళ్ళీ తుడుస్తున్నాడు.

"జనంలో చెయ్యి జారిందా?"

సరేనని ఒక్క మాట అంటే సరిపోయేది. వాడే దారి చూపించాడు. ఆమె ఆ దారిన వెళ్ళలేదు.

"లేదు. వదిలేశాను."

వాడు తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"చిటికెన వేలు ముందు తీశావు" అన్నాడు. "తర్వాత పక్కది. ఒక్కొక్కటే విప్పావు. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను."

ఆమె ఆ మాట ఎవరికీ చెప్పలేదు. తనకి తను కూడా చెప్పుకోలేదు.

"ప్రొఫెసరుకి చెప్పావా అది?"

"లేదు."

"అన్నీ చెప్పావు కదా."

"అదొక్కటీ చెప్పలేదు. మిగతాదంతా నిజమనుకున్న రోజుల్లో కూడా అదొక్కటీ నేను కల్పించుకున్నాననుకున్నాను. మా అక్క అలాంటిది కాదు అనుకున్నాను."

కింద ఎవరో లిఫ్టు బొత్తాం నొక్కుతున్నారు. పైన చిన్న దీపం వెలిగి ఆరుతోంది.

"అయితే అమ్మ ముఖం" అన్నాడు వాడు.

"అదే. నీకు గుర్తున్నదే."

వాడు స్పానరు అందుకుని అటు తిరిగాడు.

"దిగేటప్పుడు లిఫ్టు ఎక్కకు. ఇంకా కాలేదు."

ఆమె మెట్లు దిగింది.

ఆ తర్వాత తమ్ముడు ఉపన్యాసాలకి వెళ్ళలేదు. ప్రొఫెసరుకి ఇబ్బందేమీ కలగలేదు; తప్పిపోయినవాళ్ళు దొరుకుతూనే ఉంటారు. జ్ఞాపకం అంటువ్యాధి అని పరిశోధన పత్రం వచ్చింది. అందులో కత్తెరక్క పేరు పోయి ఒక అక్షరంగా, ఒక అంకెగా మారి నాలుగో పేజీలో ఉంది. ఆమె ఒప్పుకున్న తప్పు బొమ్మగా గీశారు. నిటారుగా లేచిన గీత. దాన్ని చూసి దూరదేశం వాళ్ళెవరో ముందడుగు అన్నారట.

ఒకసారి ఆ భవనం లిఫ్టు మళ్ళీ ఆగింది. ప్రొఫెసరు మళ్ళీ లోపలే ఉన్నాడు. తమ్ముడే వెళ్ళి తీశాడు. బట్టలు సర్దుకుంటూ ఆయన, "ఎలా ఉంది జ్ఞాపకం, ఆ కోటాయన ఇంకా కనిపిస్తున్నాడా?" అని అడిగాడు.

"మీరెవరు సార్?" అన్నాడట తమ్ముడు.

ఇది మరదలు చెప్పింది, దుకాణంలో, నవ్వుతూ. గౌను మళ్ళీ పొట్టిదైంది, పిల్ల ఎదుగుతోంది. వాడు ఇప్పుడు తాళం ఒకసారే వేస్తున్నాడట. పిల్లకి సూది కథ చెబుతున్నాడట, ఈసారి చెప్పుతో సహా, గాజుపెంకుతో సహా. తల్లి జడ ఏ భుజం మీదికి వేసుకునేదో కూడా చెబుతున్నాడట.

"మీ పేరు మాత్రం ఎత్తడు వదినా. ఆ కథలో బజారుకి ఎవరితో వెళ్ళావు నాన్నా అంటే, ఒక్కణ్ణే వెళ్ళానంటాడు."

"ఐదేళ్ళవాడు ఒక్కడే వెళ్తాడా బజారుకి? పిల్ల నమ్మిందా?"

"నమ్మింది."

కత్తెరక్క గౌను అంచు విప్పింది. లోపల మడత పెట్టి ఉంచిన బట్ట ఇంకా కాస్త ఉంది. పాత కుట్టు పోయిన చోట చిన్న రంధ్రాలు వరసగా కనిపిస్తున్నాయి.

"నమ్మనీ" అంది. "ఇంకో ఏడాదికి సరిపోతుంది ఇది. తర్వాత కొత్తది కొను."